ఎప్పటి నుంచి అన్న గడి

జూన్ 9

తమ్ముడికి,

ఇక్కడ క్షేమం కాదు. అక్కడ నువ్వు క్షేమంగానే ఉంటావు కాబట్టి అడగడం లేదు.

పొద్దున ఫోన్ చేస్తే, "ఆఫీసు నంబరుకు చేయకు, ఇక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది. ఇంటికి చేసినా చీటీల సంగతి ఎత్తకు" అని పెట్టేశావు. అందుకే కాగితం. కాగితం మీదైతే మధ్యలో అడ్డుపడి "అక్కా, ఒక్క నిమిషం" అనలేవు. అదొక లాభం.

విషయం ఇది. ఏడో తారీఖున కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర ఉన్నాను. కుట్టి వచ్చిన యూనిఫాం చొక్కాలు చూసి పాస్ చేయడం నా పని అని నీకు తెలుసు. ఆ రోజు ప్రతి కాలరు మీదా ఒక నల్లదారం కనిపించింది. కత్తిరిద్దామంటే వేళ్ళకు దొరకదు. పన్నెండు చొక్కాలు వెనక్కి పంపాక సూపర్‌వైజరు వచ్చి, "అమ్మా, ఆ దారం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. దారం చొక్కాల మీద లేదు, నా ఎడమ కంట్లో ఉంది. సాయంత్రానికి ఆ కంటి మూలన మెరుపులు కూడా మొదలయ్యాయి.

మా బీమా కార్డు మీద పెద్దాసుపత్రికి తిన్నగా పోవడానికి లేదు కదా. ముందు మాకు కేటాయించిన క్లినిక్‌కి పోవాలి. అక్కడి డాక్టరును అందరూ చీటీ డాక్టరంటారు. మనిషిని ముట్టుకోడు, చీటీ రాస్తాడు. ఎర్ర చీటీ ఇస్తే అదే రోజు ఆసుపత్రి. తెల్ల చీటీ ఇస్తే వరసలో వచ్చిన తేదీ. నిన్న నా కంట్లోకి టార్చిలైటు వేసి, ఫారం నింపి, తెల్ల చీటీ చేతిలో పెట్టాడు. తేదీ జులై 20.

ఆ చీటీలన్నీ చేరేది మీ బీమా ఆఫీసుకే. వాటి రంగు మార్చే కుర్చీలో కూర్చున్నది నువ్వే. దయ చూపించమనడం లేదు, ఫారం చూడమంటున్నాను.

ఇప్పటిదాకా నీ అక్కనే.

*

జూన్ 12

అక్కకు,

ఉత్తరం ఇంటి అడ్రసుకు రాసినందుకు సంతోషం. నీ నుంచి అంత ఇంగితం ఆశించలేదు.

బంధువుల చీటీ నేను మంజూరు చేయకూడదు. చేస్తే ఉద్యోగం పోతుంది. ఇది నీకు మూడుసార్లు చెప్పాను. నీ మరదలి తమ్ముడి మోకాలికి చెప్పాను, మా ఇంటి ఓనరు కడుపునొప్పికి చెప్పాను. వాళ్ళు అర్థం చేసుకున్నారు.

నువ్వు చీటీలను ఎగతాళి చేస్తావు. ఈ పద్ధతి రాకముందు ఆ ఆసుపత్రికి రోజుకు తొమ్మిదివందలమంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆరువందలు. తగ్గినవాళ్ళు జలుబులు, దురదలు. నాన్నకు గుండెనొప్పి వచ్చి తీసుకెళ్ళినప్పుడు లైనులో ఆయన పదిహేడోవాడు. ముందున్న పదహారుమందికి ఏముందో నువ్వే కూర్చుని కనుక్కుని వచ్చి చెప్పావు. ఒకడికి చెవిలో గులిమి. చీటీలు ఆనాడే ఉంటే నాన్న మొదటివాడయ్యేవాడు. నేను ఈ ఉద్యోగంలో చేరింది అందుకే.

కంట్లో నలుసు పడ్డ ప్రతివాళ్ళకూ ఎర్ర చీటీ ఇస్తే ఆ ఎరుపుకు విలువుండదు. జులై 20 దాకా ఆగు. ఈలోగా చన్నీళ్ళతో కడుక్కో.

తమ్ముడు

*

జూన్ 16

తమ్ముడికి,

కడుక్కున్నాను. నీ వైద్యం పనిచేయలేదు.

నాన్న పదిహేడోవాడు కావడం వల్ల పోలేదు, మూడు రోజులు నిండాక బయల్దేరడం వల్ల పోయాడు. "ఒక్కరోజు నొప్పికి డాక్టరేంటి? మూడు రోజులు చూద్దాం" అన్నది ఆయనే. మన ఇంట్లో ఏ రోగమైనా మూడు రోజులు నిండితే గాని రోగం కాదు. లైనులో నిలబడింది గంటన్నర. దానికి ముందు మంచం మీద పడుకుంది మూడు రోజులు. లెక్క రాసేటప్పుడు రెండూ రాయి.

నా సంగతి. పద్నాలుగున లేచేసరికి ఎడమ కంటికి ముక్కు పక్క నుంచి తెర దిగింది, కిటికీకి సగం కర్టెన్ లాగినట్టు. మీ బావ డ్యూటీ మానేసి నన్ను ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు. అక్కడ చీటీ అక్కర్లేదు కదా అని.

ఆ హాలు నువ్వు ఒక్కసారి చూడాలి. కుర్చీలు లేక జనం మెట్ల మీద కూర్చున్నారు. నా పక్కనాయనకు కాలివేలి మీద ఆనెకాయ.

"దీనికి ఎమర్జెన్సీ ఏంటయ్యా?" అన్నాను.

"ఇక్కడ చీటీ అడగరమ్మా. మా క్లినిక్‌లో డాక్టరు మొహం చూడాలంటేనే వారం."

అటుపక్క ఆవిడకు దగ్గు. వెనకాయనకు బీపీ మాత్రలు అయిపోయాయి. తొమ్మిదివందలు ఆరువందలు అయ్యాయని రాశావు. నిజమే అయ్యుంటుంది. ఆ మిగతా మూడువందలమందినీ నేను చూశాను. పక్క గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

మూడు గంటలకు నర్సు పిలిచి, కార్డు నంబరు రాసుకుని మీ ఆఫీసుకు ఫోన్ చేసింది. తిరిగొచ్చి, "మీది అత్యవసరం కాదన్నారండీ. చీటీ తేదీకి రండి" అంది. మీ బావ, "ఎవడన్నాడు?" అని గొంతు పెంచాడు. "అక్కడి అధికారి" అంది.

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు కదా, అదే మీ బీమా. ఆ అధికారి ఎవరో కనుక్కుని రాయి. మీ బావ అతనితో ఒక మాట మాట్లాడాలట.

అక్క (కుడి కంటితో రాసినది)

*

జూన్ 19

అక్కకు,

ఆ అధికారిని నేనే.

పద్నాలుగున మధ్యాహ్నం డ్యూటీ నాది. నీ కార్డు నంబరు స్క్రీన్ మీదికి వచ్చింది. ఫారం తెరిచాను. "ఎప్పటి నుంచి" అన్న గడిలో "ఆరు నెలలు" అని ఉంది. కింద నీ సంతకం.

నిబంధన నీకు తెలియదు, చెప్తాను. బాధ మొదలై ఏడు రోజుల లోపైతే ఎర్ర చీటీ. మూడు నెలలు దాటిందా, తెల్ల చీటీ. కొత్తగా వచ్చిన రోగాన్ని తొందరగా చూడాలి, పాతది కొంత ఆగగలదు అన్నది దాని అర్థం. ఇది డాక్టర్లు కూర్చుని పెట్టిన నియమం. ఆరు నెలలుగా ఉన్న బాధ ఎమర్జెన్సీ కాదు. కాదన్నాను. నా ఎదురుగా ఎవరి కార్డు ఉన్నా అదే అనేవాణ్ణి.

బావ మాట్లాడాలనుకుంటే ఫిర్యాదు ఫారం వేరే ఉంది. అది ఆకుపచ్చ రంగులో ఉంటుంది.

తమ్ముడు

*

జూన్ 23

తమ్ముడికి,

బంధువుల చీటీ మంజూరు చేయడానికి నీ చేతికి అధికారం లేదు. కొట్టేయడానికి మాత్రం ఉందా? అది ఏ రంగు ఫారంలో రాశారో చెప్పు.

ఇక ఆరు నెలలు. అవును, నేనే చెప్పాను. ఆ రోజు క్లినిక్ బెంచీ మీద నాకు ముందు పదకొండుమంది ఉన్నారు. పక్కావిడ అడిగింది, "ఎన్నాళ్ళ నుంచి?" అని. "నిన్నటి నుంచి" అన్నాను.

"అయ్యో, అలా చెప్పకమ్మా. నిన్నటి నుంచి అంటే చుక్కల మందు రాసి పంపించేస్తాడు. ఎక్కువ చెప్పు. నేను రెండేళ్ళు అంటాను."

"నీకెన్నాళ్ళ నుంచి?"

"ఇరవై రోజులు."

నాకు ఆవిడ నేర్పక్కర్లేదు. మన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది వేరే నేర్పాలా? నీకు జ్వరం వచ్చిన మొదటి రోజే, "నాన్నా, వీడికి మూడు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది" అని చెప్పి నిన్ను డాక్టరు దగ్గరికి నడిపించింది ఎవరు? ఏడో తరగతిలో నువ్వు పరీక్ష ఎగ్గొడితే మాస్టారి ముందు నిలబడి టైఫాయిడ్ అని చెప్పింది ఎవరు? రోజులు పెంచి చెప్తే గాని పెద్దవాళ్ళు లేవరని మనిద్దరం ఒకే పీట మీద కూర్చుని నేర్చుకున్నాం.

ఫిబ్రవరిలో ఆఫీసు ప్యాంటు పొడుగైందని పట్టుకొచ్చావు. నీ ముందే సూదిలో దారం ఎక్కించాను, ఒక్కసారికే. మరదలు చూసి, "వదినా, ఏం కళ్ళండీ మీవి" అంది. నాలుగు నెలల కిందటి మాట.

కాబట్టి ఒకటే ప్రశ్న. ఆరు నెలలన్నది నేను. పద్నాలుగో తారీఖున ఆ గడి చదివినప్పుడు, నువ్వు దాన్ని నమ్మావా?

నీ జవాబు చూశాకే కింద ఏమని సంతకం పెట్టాలో ఆలోచిస్తాను.

*

జూన్ 27

అక్కకు,

నమ్మలేదు. ఒక్క క్షణం కూడా నమ్మలేదు.

ఆ గడి చూడగానే ఇది నీ పాత అలవాటని తెలిసింది. నువ్వు ఏ సంఖ్యనూ ఉన్నది ఉన్నట్టు చెప్పగా నేను వినలేదు. సూది సంగతి కూడా గుర్తొచ్చింది. అయినా కాదన్నాను. నా పని గడిలో ఉన్నది చదవడం. ఇంట్లో తెలిసిన సంగతి ఆఫీసులో వాడితే అదే పక్షపాతం. వేరేవాళ్ళ అక్కలు కూడా అబద్ధాలు చెప్తారు. వాళ్ళ గడులు దిద్దడానికి వాళ్ళ తమ్ముళ్ళు నా కుర్చీలో లేరు.

టైఫాయిడ్ అన్నావు. ఆ అబద్ధం వల్ల నెలరోజులు మాస్టారు నన్ను ఆటలకు రానివ్వలేదు. నువ్వు చేసే మేలు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

తప్పు దిద్దుకోవాలంటే క్లినిక్ ద్వారా సవరణ ఫారం పంపించు. పది పనిదినాలు పడుతుంది.

తమ్ముడు

*

ఆగస్టు 2

తమ్ముడికి,

సవరణ ఫారం జూన్ ముప్పైన ఇచ్చాను. క్లినిక్ కాంపౌండరు ముద్ర వేసి తీసుకున్నాడు. జవాబు జులై 22న వచ్చింది. "మీ చీటీ ఇప్పటికే వాడబడినందున సవరణ అవసరం లేదు" అని.

ఇరవయ్యో తారీఖున కంటి డాక్టరు చూసింది. కంటి లోపల వెనకవైపు ఉండే నర పొర పూర్తిగా ఊడిందట. మర్నాడే ఆపరేషన్ చేసింది. ఎప్పుడు మొదలైందని అడిగితే జూన్ ఏడు అన్నాను. ఈసారి ఒక్క రోజు కూడా కలపలేదు. ఆవిడ కలం ఆపి, "ఆ వారంలో వచ్చుంటే చూపు నిలిచేదమ్మా" అంది. ఎడమ కంటికి ఇప్పుడు లైటు వేసి ఉందా, ఆర్పి ఉందా అన్నది తెలుస్తుంది. అంతే.

చెకింగ్ టేబుల్ నుంచి తీసేశారు. అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాను.

వారానికొక సెలవు దొరుకుతుంది. ఆ పూట క్లినిక్‌కి వెళ్ళి బెంచీ చివర కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళకు "ఎప్పటి నుంచి" అన్న గడి సంగతి చెప్తున్నాను. ఏడు రోజులు, మూడు నెలలు, ఎరుపు, తెలుపు, నువ్వు రాసిందంతా. ఆ నియమం ఇన్నేళ్ళుగా ఉందట, క్లినిక్ గోడ మీద ఎక్కడా లేదు. తారీఖు గుర్తు తెచ్చుకుని చెప్పండి, పెంచకండి అని చెప్తున్నాను. నల్లద్దాలు పెట్టుకుంటాను కాబట్టి వింటున్నారు.

నాన్న నీ గురించి అనేవాడు, "వాడు నిన్ను కంటికి రెప్పలా చూసుకుంటాడే" అని. పాపం, ఆయనకూ ముందుచూపు తక్కువే.

సంతకం ఆలోచించాను. పెట్టబుద్ధి కాలేదు.

*

సెప్టెంబరు 11

అక్కకు,

కంటి విషయం విన్నాను. బాధపడ్డానని రాస్తే నమ్మవు కాబట్టి రాయడం లేదు.

ఇది వేరే పని మీద. మీ క్లినిక్ నుంచి నెలకు తొమ్మిదో పదో ఎర్ర చీటీలు వచ్చేవి. ఆగస్టులో నూట నలభై వచ్చాయి. అన్నిట్లోనూ ఆ గడిలో ఒకటే మాట, "ఈ రోజు ఉదయం నుంచి." ఒకాయనకు మోకాలు అరిగిపోయి పదిహేనేళ్ళయింది. ఎక్స్‌రే మా దగ్గరే ఉంది. ఆయనకూ ఈ రోజు ఉదయం నుంచే.

ఆసుపత్రి నుంచి గోల. ఎర్ర చీటీల గదిలో నిజంగా గుండె పట్టుకున్న మనిషి నలభై నిమిషాలు నిలబడ్డాడట. పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట మీ క్లినిక్ నుంచి "ఈ రోజు" అని వచ్చిన ఏ ఫారమైనా విచారించాకే ఎరుపు. విచారణకు రెండు నుంచి ఐదు రోజులు.

బెంచీ మీద కూర్చుని జనానికి నూరిపోస్తున్న "నల్లద్దాల స్త్రీ" ఎవరో తేల్చమని ఫైలు నాకే ఇచ్చారు. తేల్చి రాస్తాను. అలాంటివాళ్ళ కార్డు ఆరునెలలు ఆపేస్తారు. విచారణ ముగిసేదాకా నీ ఫోను ఎత్తను. మానుకో.

తమ్ముడు

*

సెప్టెంబరు 15

తమ్ముడికి,

రాసుకో. ఇంటి నంబరు కూడా వేసుకో, వెతుక్కునే శ్రమ ఉండదు.

నేను ఈ రోజు అని చెప్పమనలేదు, నిజం తారీఖు చెప్పమన్నాను. జనం ఏది చెప్తే లోపలికి రానిస్తారో అదే చెప్తారు. మొన్నటిదాకా రెండేళ్ళు అన్నావిడే ఇప్పుడు పొద్దుటి నుంచి అంటోంది. "అదేంటమ్మా, నిజం చెప్పమన్నానుగా" అంటే, "నిజానికి ఏ రంగు ఇస్తారో నీకేమన్నా తెలుసా?" అంది. దానికి జవాబు నీ దగ్గరుంటే పంపు.

ఆ మోకాలాయనను నేనెరుగుదును. పదిహేనేళ్ళుగా రోజూ ఉదయం నుంచే నొప్పి. అబద్ధమెక్కడుంది?

గుండె పట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డ మనిషి సంగతి మాత్రం గుచ్చుకుంది. అది నా ఖాతాలోనే వేసుకుంటాను. నువ్వు నీ ఖాతాలో ఏం వేసుకున్నావు?

ఇంకో మాట. ఆ నల్లద్దాల స్త్రీ నీ అక్క అని పైవాళ్ళకు చెప్పావా?

*

సెప్టెంబరు 24, ఉదయం తొమ్మిదిన్నర

ఇది గొడవ ఉత్తరం కాదు.

ఈ రోజు ఉదయం ఆరూ నలభైకి కుడి కంట్లో మెరుపులు వచ్చాయి. స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను, గోడ గడియారం చూశాను. ఏడున్నరకు నల్లదారం కనిపించింది. ఎడమ కంటికి వచ్చినవే, వరస మాత్రం మారింది.

ఎనిమిదికి క్లినిక్‌లో ఉన్నాను. చీటీ డాక్టరు తలపట్టుకున్నాడు. "అమ్మా, ఈ రోజు అని రాస్తే విచారణకు పోతుంది, ఐదు రోజులు. పాతది అని రాస్తే నవంబరు. ఏం రాయమంటావు?" అన్నాడు. "ఈ రోజు ఉదయం ఆరూ నలభై అని రాయండి" అన్నాను. రాశాడు. ఎమర్జెన్సీకి పోయినా మళ్ళీ మీ ఆఫీసుకే ఫోన్ చేస్తారు.

నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికి చేస్తే మరదలు ఎత్తి, "మీతో మాట్లాడొద్దన్నారు వదినా" అని ఏడ్చింది.

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పది గంటల బస్సు పార్సిలులో వేస్తాను. రసీదు మీద తారీఖూ టైమూ ఉంటాయి. ఎడమ కన్ను మెరుపుల నుంచి తెర దిగడానికి ఏడు రోజులు పట్టింది. దీనికి అన్ని రోజులు పడుతుందని ఎవరూ చెప్పలేరు.

నేను ఏ సంఖ్యనూ ఉన్నది ఉన్నట్టు చెప్పగా వినలేదన్నావు. ఇది విను.

అక్క

*

సెప్టెంబరు 25

అక్కకు,

పార్సిలు నిన్న సాయంత్రం అందింది. మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు. అలవాటు. రసీదు మీద టైము చూసి మళ్ళీ చదివాను.

ఈ ఉదయం ఆఫీసు తెరవగానే మా వైద్యాధికారి బల్ల మీద నీ ఫారం పెట్టాను. రుజువుగా నీ ఉత్తరాలన్నీ తారీఖుల వరసలో గుచ్చి పెట్టాను. నువ్వు మా అక్కవని, ఆ నల్లద్దాల స్త్రీవి నువ్వేనని చెప్పాను. ఆవిడ ఫారంలో మొదటి పేజీ చూసి ఎర్ర ముద్ర వేసేసింది. "ఒక కన్ను పోయిన మనిషి రెండో కంట్లో మెరుపులంటే దీనికి ఉత్తరాలెందుకయ్యా?" అంది. తర్వాత ఆ ఉత్తరాలు తీసుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. తిరిగివ్వమంటే, "ఇవి ఇక్కడే ఉంటాయి" అంది.

మంజూరు కాగితం దీనితో జతచేసి సాయంత్రం బస్సు పార్సిలులో వేస్తున్నాను. ఆసుపత్రికి ఫోన్‌లోనూ చెప్పారు. ఇది చదువుతూ కూర్చోకుండా వెళ్ళు.

మధ్యాహ్నం నుంచి నన్ను కుర్చీలోంచి లేపారు. నా మీద విచారణ. బంధువు ఫైలు ముట్టుకున్నందుకు, చెప్పకుండా దాచినందుకు. నీ ఉత్తరాలు అక్కడున్నాయి, నావి నీ దగ్గరున్నాయి. ఒకవైపు మాటలే ఉంటే విచారణ సాగదట, నావి కూడా తెప్పించమన్నారు. పంపించు. జూన్ 27 నాటిది ఒక్కటి దొరకలేదని రాయి. ఉత్తరాలు పోవడం మామూలే, ఎవరూ అడగరు. మిగతావాటికి నేను జవాబు చెప్పుకోగలను.

ఇది నీ మీద ప్రేమతో చేశానని ఊరంతా చాటకు. ఆ గడిలో తారీఖు నిజం, అందుకే చేశాను.

తమ్ముడు

*

అక్టోబరు 17

తమ్ముడికి,

కన్ను నిలిచింది. నర పొర ఒక మూల చిరిగి అప్పుడే ఊడడం మొదలైందట. గ్యాసు బుడగ పెట్టి అతికించారు. రెండు వారాలు తల కిందికి దించుకునే ఉండమన్నారు, నేల చూస్తూ కూర్చున్నాను. "ఇంకో రెండు రోజులు ఆగితే దీన్నీ ఎడమదాని పక్కన రాసుకునేవాళ్ళం" అంది డాక్టరు. కన్ను నిలిచింది నీ వల్లే. నిజం కాబట్టి రాస్తున్నాను, ఇంకే అర్థమూ తీయకు.

ఉత్తరాలు అడిగావు. పంపిస్తున్నాను. నీకు కాదు, వైద్యాధికారి పేరు మీద రిజిస్టరు చేశాను.

జూన్ 27 నాటిది దొరకలేదని రాయమన్నావు. నీ కోసం నేను చెప్పిన అబద్ధాల్లో టైఫాయిడ్ ఆఖరుది. దాని వల్ల నెలరోజులు ఆటలు పోయాయని నువ్వే రాశావు. మళ్ళీ ఆ మేలు చేయను. పైగా ఆ ఉత్తరం లేకపోతే, తప్పంతా ఒక ఆడమనిషి ఆరు నెలలని చెప్పడంలోనే ఉందని తేలుస్తారు. ఆ ఆరు నెలలు నిజం కాదని తెలిసినవాడు కూడా దాన్ని ఆరు నెలలుగానే చదవాల్సి వచ్చింది. ఆ సంగతి ఆ ఒక్క ఉత్తరంలోనే ఉంది.

జూన్‌వి మూడు, సెప్టెంబరు పదకొండుది ఒకటి. జూన్ 27 నాటిది దొరకలేదని రాయమంటూ నువ్వు రాసిన సెప్టెంబరు ఇరవై ఐదుది కూడా కలిపి మొత్తం ఐదు. ఏదీ దాచలేదు.

కవరు అంటించే ముందు అన్నీ ఒకసారి చదువుకున్నాను. నీ అక్షరాలు చిన్నవి, మొదటి నుంచీ అంతే. జూన్ 27 నాటిదైతే మరీ చిన్నవి, గీతల మధ్య ఖాళీ లేకుండా కుక్కి రాశావు. అయినా చదివాను, అద్దాలు లేకుండా, ఒక్క మాట వదలకుండా.

అదే అన్నిటికన్నా పైన పెట్టాను.

అక్క